చిన్నకోడూరులో పిట్ట రాలేదు

పోయిన నెలలో మా మిత్రుడి సంతాప సభ జరిగింది. సిద్దిపేటలో ఇప్పుడు నాటకాలు వేస్తున్న పిల్లలు ఏర్పాటు చేశారు. నన్ను కూడా పిలిచి మైకు చేతికిచ్చారు. ఆయన మంచి నటుడనీ, మంచి మనిషనీ చెప్పి కూర్చున్నాను. అవి ఎవరి గురించయినా చెప్పగల మాటలు. సభ అయ్యాక ఒకమ్మాయి మెట్ల దగ్గర నన్ను ఆపి, "సార్, మీరు రాసిన వాటిల మీకు బాగ ఇష్టమైన నాటకం ఏది? కథ చెప్పుడు ఎట్ల నేర్చుకున్నరు?" అని అడిగింది. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటేననీ, నిలబడి చెప్పేది కాదనీ, రాసి ఇస్తాననీ అన్నాను. రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

నా ఉద్యోగం గ్రంథాలయంలో. పొద్దున తలుపులు తీసి పేపర్లు బల్లల మీద పెట్టడం, తిరిగొచ్చిన పుస్తకాలను వాటి చోట్లలో సర్దడం, సాయంత్రం తాళం వేయడం. మధ్యలో చదువుకోవడానికి కావలసినంత తీరిక ఉండేది. ఆ తీరికలో నాటకాలు చదివాను. చదివిన కొద్దీ రాయాలనిపించింది. ఎనభైల చివర్లో మా ఊళ్ళో నాటకం పిచ్చి ఉన్నవాళ్ళం కొందరం ఉండేవాళ్ళం. గ్రంథాలయం మూసే వేళకు వాళ్ళు వచ్చేవారు. బెంచీలు గోడకు జరిపి రిహార్సల్సు చేసుకునేవాళ్ళం. మా పై అధికారికి ఈ సంగతి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. పొద్దున బెంచీలు వంకరగా కనబడితే మాత్రం, "నిన్న ఈడ రాజులు యుద్ధం చేసిన్రా ఏంది?" అని అడిగి లోపలికి పోయేవాడు.

ఇప్పుడు లేని ఆ మిత్రుడు బస్సు కండక్టరు. చిన్నకోడూరు దాటాక ఒక పల్లె ఆయనది. సిద్దిపేటలో కిరాయి ఇంట్లో ఉండేవాడు. ఆయన గొంతు బస్సులో తయారైన గొంతు. వెనక సీటు దాకా వినబడుతుంది, పక్కన నిలబడ్డవాడికి అరిచినట్టు ఉండదు. అలాంటి గొంతు ఉన్న నటుణ్ని నేను మళ్ళీ చూడలేదు. రెండో ఆయన టైలరు. పాత బస్టాండు దగ్గర దుకాణం. వేషం వేయమంటే సిగ్గుపడి పారిపోయేవాడు కానీ, తెర వెనక ఏ చప్పుడు కావాలన్నా నోటితో చేసేవాడు. వాన, రైలు, ఏడ్చే పసిబిడ్డ, కాకి. మూడో ఆమె బాలవాడి టీచరు. ఆడవేషం వేయడానికి ఆడమనిషే ముందుకు రావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆమెకు తోడుగా భర్త కూడా వచ్చి, గోడవార బెంచీ మీద కూర్చుని హాయిగా నిద్రపోయేవాడు.

నేను చెప్పబోయే నాటకం మా అమ్మ చావు నుంచి వచ్చింది.

మా దగ్గర మనిషి పోయిన మూడో నాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఇస్తరాకులో వడ్డించి, అందరూ దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిపడ్డట్టు. రాకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని మాట ఇస్తారు.

అమ్మకు పెట్టిన రోజు కాకులు ఎదురుగా తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. మా మేనమామ, పొలం గట్టు పంచాయితీ వదిలేస్తానన్నాడు. మా చిన్నమ్మ, బర్రెను ఎవరికీ అమ్మనివ్వనన్నది. ఎన్నో ఏళ్ళుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరు తోడికోడళ్ళు, ఇక కొట్లాడుకోమని అందరి ముందు ఒప్పుకున్నారు. ఎండ ఎక్కుతోంది. ఆఖరికి పక్కింటామె ముందుకు వచ్చి, "అక్కా, నీ కొడుకు పుస్తకం వట్టుకుంటె బువ్వ మర్సిపోతడు. నేను పిల్సి పెడ్త తియ్, నువ్వు రంది పడకు" అన్నది. కాకి దిగింది. చూసీ చూసీ దానికి ఆకలైందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయినా నాకు ఏడుపు వచ్చింది ఆ మాటకే.

ఏడుస్తూనే నాకొక సంగతి అర్థమైంది. నాటకానికి సంఘర్షణ కావాలని పుస్తకాల్లో చదివి, పాత్రల చేత ఒకరినొకరు తిట్టించుకుంటూ వచ్చాను. ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అందరూ ఒకవైపే నిలబడి ఒకదాని కోసమే చూశారు. చూస్తున్నంతసేపూ ఆ ఇంటి గుట్టంతా దానంతట అదే బయటికి వచ్చింది. ఏం రావాలో అందరికీ తెలుసు. ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. నాటకం అంటే ఇదే కదా అనుకున్నాను. కొడుకుకు మూడో నాడు తోచవలసిన ఆలోచన కాదు. తోచింది మరి.

కథ చిన్నది. తండ్రి పోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు పిట్టకు పెట్టి చూస్తున్నారు. పిట్ట రాదు. చిన్న కొడుకు మాట ఇస్తాడు, కూతురు మాట ఇస్తుంది. రాదు. అప్పుడు పెద్ద కొడుకు తండ్రిని ఉద్దేశించి పెద్ద ప్రసంగం చేస్తాడు. దాని చివరి మాట పూర్తవగానే తెర వెనక కాకి అరుస్తుంది. ఆ ప్రసంగం రాయడానికి నాకు మిగిలిన నాటకం కంటే ఎక్కువ కాలం పట్టింది. అందులో నాగలి, నేల, నీడ, వేళ్ళు అన్నీ ఉండేవి. దాని మీద నాకు చాలా ప్రేమ.

ఇస్తరాకులో ఏం పెట్టాలన్నది నాకు తెలియలేదు. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. పల్లెటూరి రైతు ఏం ఇష్టపడి తింటాడో, ఎలా తింటాడో కండక్టరు మిత్రుణ్ని అడిగాను.

"మా బాపయితె జొన్న గట్క తింటడు సారూ. దాంట్ల సల్ల వోసుకుంటడు. ఉల్లిగడ్డ కత్తితోని కొయ్యనియ్యడు. కింద వెట్టి గుద్దుతడు, గిట్ల." బల్ల మీద గుద్ది చూపించాడు. పేపర్లు ఎగిరాయి. "పచ్చిపులుసుల ఉప్పు ఎక్కువుండాలె. తిన్నంక ఒక సుట్ట."

"బాగా మాట్లాడతాడా?"

"ఎవలతోటి? ఎడ్లతోటయితె మస్తు మాట్లాడ్తడు. నాతోటి వాన ముచ్చటొక్కటే. 'అటు దిక్కు వాన వడ్డదా?' అంటడు. 'వడ్డది' అంట నేను. అయిపాయె."

జొన్నరవ్వతో కాచిన ఆ గట్క, అందులోకి మజ్జిగ, గుద్దిన ఉల్లిగడ్డ, ఉప్పు, చుట్ట, ఎడ్లు, వాన, అన్నీ నాటకంలోకి పోయాయి. మిత్రుడే పెద్ద కొడుకు వేషం తీసుకున్నాడు. చదువుతుంటే ఆయన మొహం వెలిగిపోయేది. "మా బాపే సారూ, అచ్చం మా బాపే" అనేవాడు. నిజమైన వివరం దొరికితే రాసేవాడికి ఎంత సంబరమో మీకు కూడా తెలిసే ఉంటుంది. ఆ సంబరంలో మా అందరిలో ఒక్కరికి కూడా మిత్రుడి తండ్రి బతికే ఉన్నాడన్న ఆలోచన రాలేదు.

టైలరు కాకి ఎంత బాగా అరిచేవాడంటే, ఒక సాయంత్రం రిహార్సలు మధ్యలో గ్రంథాలయం పెరట్లోని కాకులు జవాబిచ్చాయి. "సూసిన్రా సాబ్, దుకాణంకు గిరాకీ రమ్మంటె రాదు. ఇవయితె పిలిస్తె వస్తున్నయ్" అన్నాడు.

మొదటి ప్రదర్శన సిద్దిపేటలోనే జరిగింది. ప్రసంగానికి చప్పట్లు పడ్డాయి, కాకి అరిచింది, తెర పడింది. చిన్నకోడూరు నుంచి వచ్చి చూసిన కొందరు యువకులు తమ దగ్గర కూడా వేయాలన్నారు. ఒప్పుకున్నాం.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం గ్రంథాలయం గుమ్మం దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. తలకు రుమాలు, చేతిలో కట్టె. లోపల అందరూ చెప్పులతోనే ఉన్నారు. ఆయన మాత్రం చెప్పులు బయట విడిచి వచ్చాడు.

"నాటకం రాసే సారెవలు?"

"నేనే. కూర్చోండి."

"నన్ను సంపింది నువ్వేనా?"

పేపర్లు చదువుతున్నవాళ్ళు తలలెత్తారు. ఎవరో నాకు తెలిసిపోయింది.

"అది నాటకం పెద్దయ్యా. అందులో మీ పేరు ఎక్కడా లేదు."

"పేరెందుకు? ఉల్లిగడ్డ ఉన్నదట గద."

ఆయనే చెప్పుకుపోయాడు. "మా ఊరోడొకడు సూసొచ్చి ఊరంత సెప్పిండు. గట్కల సల్ల వోసిండట, ఉల్లిగడ్డ గుద్దిండట, సుట్ట గూడ వెట్టిండట. కల్లుకాడికి వోతె, 'ఏమే, నీకు పిట్టకు వెట్టిన్రంట, ఇంక తిరుగుతున్నవా?' అంటున్నరు. ఎడ్లను తోలుకొని వోతుంటె పోరగాండ్లు కావ్ కావ్ అంటున్నరు. ఇగ నేను ఊళ్లె ఎట్ల తిరగాలె సారూ?"

"ఆ తిండి మార్చేస్తాను."

"కూర మారిస్తె సచ్చినోడు లేస్తడా? యేషం ఇంకోనికియ్యి. తండ్రి లేనోనికియ్యి. అసుంటోళ్లకు కరువా?"

వేషం వదులుకోవడం ఆయన కొడుకు ఇష్టమనీ, ఆ మాట కొడుకునే అడగమనీ అన్నాను.

"నేనడగ. వాడు నన్ను అడిగిండా?" కట్టె నేలకు ఆనించాడు. "నేన్ సెప్పిన్నని సెప్పు. మా దిక్కుకు వచ్చి గా ఇస్తరాకు ముందట కూసుంటె, వానికి నేను సచ్చినట్టే. మల్ల నిజంగ సచ్చిననాడు రావద్దు. ఒకపారి వెట్టినోడు రెండోపారి వెట్టుడేంది?"

ఆ సాయంత్రం మిత్రుడికి ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట నవ్వాడు. ఆఖరి మాట విన్నాక బెంచీ మీద కూర్చున్నాడు.

"మీ బాపు మాట ఇను అన్నా" అన్నది టీచరు. "గిది గట్టి మాట. నీకు రేపు బాధైతది."

టైలరు సిగ్గు పక్కన పెట్టి, "యేషం నేనేస్త. నాకు అబ్బాజాన్ లేడు. ఒక్కటే పరేషాన్. నేను ఆకు ముందట కూసుంటె కాకెవడయితడు?" అన్నాడు.

నవ్వాల్సిన మాటే. ఎవరం నవ్వలేదు. మిత్రుడు నా వైపు చూసి చెప్పాడు. "ఎన్ని యేషాలు గట్టిన సారూ? ఒక్కటి సూడలే బాపు. నేను ఎందుకు ఆడుతున్ననో అడగలే. ఇప్పుడు కోపానికన్న సిద్దిపేట దాక వచ్చిండు. అంటె ఇదొక్కటి తాకింది గద ఆయనకు. ఇంట్ల ఆయన ముందట కూసుంటె నాకు నోరు పెగలదు. గా ఇస్తరాకు ముందట కూసుంటె మాటలు వస్తున్నయ్. ఇడిసిపెట్టుమంటె ఎట్ల ఇడుద్దు?"

వేషం ఎవరిదో చెప్పవలసింది ఆయనేనని అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఆ తర్వాత ఆయన సెలవు రోజున ఊరికి పోవడం మానేశాడు. ఆయన బస్సు ఆ రూట్లోనే తిరిగేది కాబట్టి ఊరే బస్సెక్కి ఆయన దగ్గరికి వచ్చేది. ఎక్కిన ప్రతివాడూ ఒక సలహా ఇచ్చి దిగేవాడు. కాళ్ళ మీద పడమని ఒకరు, అస్సలు వినొద్దని ఒకరు. తల్లి ఎవరి చేతనో కబురు పంపింది. బాపు పట్టు మీద ఉన్నాడు, ఆట అయ్యేదాకా ఇంటికి రావొద్దు, అయినంక కూడా ఏమంటాడో తెలియదు అని. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతు పక్కన ఉన్న నాకే సరిగా వినబడలేదు.

చిన్నకోడూరులో బడి ముందర ఖాళీ జాగలో నాటకం పెట్టారు. కరెంటును నమ్మలేక పొద్దుండగానే మొదలుపెట్టాం. బడి బల్లలు కలిపి కట్టి వేదిక చేశారు. వెనక తెర టైలరు దుకాణంలో మిగిలిన గుడ్డలతో కుట్టినది. టీచరు అక్కడే ఒక ఇంట్లో గట్క కాచి, పచ్చిపులుసు చేసుకొచ్చింది. రిహార్సల్సులో ఖాళీ ఆకే పెట్టేవాళ్ళం. పల్లెలో ఖాళీ ఆకు చూపిస్తే నవ్వుతారని ఆమె అన్నది.

ముసలాయన వచ్చాడు. జనంలో కూర్చోలేదు. బడి అరుగు మీద ఒక్కడే, కట్టె మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. తెరకున్న సందులోంచి చూసిన టైలరు, "సాబ్, సచ్చినాయన వచ్చిండు" అని గుసగుసగా చెప్పాడు. మిత్రుడు కూడా చూశాడు. వెంటనే వేదిక మీదికి పోయాడు.

ఇస్తరాకు పరిచాడు. గట్క పెట్టి సల్ల పోశాడు. ఉల్లిగడ్డను కింద పెట్టి పిడికిలితో గుద్దాడు. జనంలో చాలామంది ఆ చప్పుడుకు అరుగు వైపు తిరిగారు. కొందరు నవ్వారు. ముసలాయన కదలలేదు. అక్కడి నుంచి ఆట అయ్యేదాకా జనం ఒకసారి వేదికను, ఒకసారి అరుగును చూస్తూనే ఉన్నారు.

చిన్న కొడుకు మాట ఇచ్చాడు. పిట్ట రాలేదు. కూతురు మాట ఇచ్చింది. రాలేదు. పెద్ద కొడుకు ప్రసంగం చేయాలి. మిత్రుడు ఆకు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు, నోరు తెరవడం లేదు. మరిచిపోయాడేమోనని నేను పక్క నుంచి మొదటి మాట అందించాను. విన్నాడు. విన్నట్టు కన్ను కదిలింది. అయినా ఆ మాట అనలేదు.

"ఏం గావాలె బాపూ నీకు?" అన్నాడు.

అది నాటకంలో లేదు. అన్నాక మళ్ళీ ఊరుకున్నాడు. టైలరు నావైపు చూశాడు. ప్రసంగం చివరి మాట పడితే కాకి అరవాలి. ప్రసంగమే లేకపోతే ఎప్పుడు అరవాలో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. పిట్ట రాలేదు.

జనంలోంచి ఒక ముసలామె గొంతు లేచింది. "ఎడ్లను అమ్మనని సెప్పురా కొడుకా!"

మిత్రుడు ఆకు వైపు వంగి, "ఎడ్లను అమ్మ బాపూ" అన్నాడు. అందరూ చూశారు. ఏమీ రాలేదు.

"నెలకొక్కపారన్న ఇంటికొస్తనను!"

"వస్త బాపూ."

"నౌకరి ఇడిసి ఎవుసం జేస్తనను!" అని ఒకడు అరిస్తే, పక్కవాడు, "అట్లనకు, అబద్ధానికి పిట్ట గాదు, గద్దొస్తది" అన్నాడు. జనం గొల్లుమన్నారు. మిత్రుడు నవ్వలేదు. "అది నాతోని గాదు బాపూ" అన్నాడు ఆకుతో. నవ్వు ఆగిపోయింది.

అప్పుడు ముసలాయన అరుగు దిగాడు.

జనం జరిగి దారి ఇచ్చారు. ఆకును కట్టెతో నెట్టేస్తాడని నేననుకున్నాను. "ఖేల్ ఖతం సాబ్" అన్నాడు టైలరు. వేదిక ఎత్తుగా ఉంది. ఎవరో భుజం ఆనిస్తే ఎక్కాడు. ఆకు అవతల నిలబడ్డాడు. మిత్రుడు లేవలేదు.

"మల్ల అడుగు" అన్నాడు ముసలాయన.

"ఏం గావాలె బాపూ?"

"గిది సచ్చినోన్ని అడిగే మాటనారా? ఉన్నప్పుడు అడగరాదా?"

"ఇప్పుడు అడుగుతున్న గద."

ముసలాయన కట్టె పక్కన పెట్టి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆకును తన వైపు లాక్కుని తినడం మొదలుపెట్టాడు.

"ఓ యవ్వా, పిట్టకు వెట్టిన కూడు తింటున్నడే!" అన్నది ఒకామె. "సచ్చినాయనే వచ్చి తింటుంటె ఇగ పిట్టతోని ఏం పని?" అన్నాడు ఇంకెవరో. టీచరుకు అందరికంటే ముందు తెలివి వచ్చింది. కూతురు వేషంలో ఉన్నది కదా, చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, "తాగు బాపూ" అన్నది. ఏదో ఒకటి చేసి నాటకం ముగించాలని టైలరుకు అనిపించిందేమో, సరిగ్గా అప్పుడు కాకిలా అరిచాడు.

ముసలాయన తలెత్తి తెర వైపు చూశాడు. "ఇప్పుడొస్తున్నవా? ఇగ ఏం మిగల్లే, పో" అన్నాడు.

ఆ నవ్వు ఎంతసేపు సాగిందో చెప్పలేను. మిత్రుడు కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. నవ్వు తగ్గాక ముసలాయన మామూలు గొంతుతో, "పచ్చిపులుసుల ఉప్పు సాలలే" అన్నాడు. "ఎయ్యాల్నా?" అన్నాడు కొడుకు. "ఎయ్యి." వేదిక మీద ఉప్పు లేదు. ఎదురింటి నుంచి ఎవరో ఆకుముక్కలో పట్టుకొచ్చి పైకి అందించారు. ఆయన తిన్నంతసేపూ కొడుకు పక్కన కూర్చున్నాడు. జనం కదలలేదు. తెర తాడు నా చేతిలోనే ఉంది. నేను లాగలేదు.

సిద్దిపేట బస్సు మిగిలినవాళ్ళమే ఎక్కాం. మిత్రుడు కూడా ఎక్కబోతుంటే ముసలాయన వెనక నుంచి, "వాడు పొద్దుగాల వస్తడు తియ్" అన్నాడు. ఎవరితోనో కాదు, బస్సుతో అన్నట్టు. మర్నాడు గ్రంథాలయానికి వచ్చిన మిత్రుణ్ని, ఇంటికి పోయాక ఏం మాట్లాడుకున్నారని టైలరు తొలిచి తొలిచి అడిగాడు. "ఏం లేదన్నా. సిద్దిపేట దిక్కు వాన వడ్డదా అని అడిగిండు" అన్నాడు.

నా ప్రసంగాన్ని ఆ వారమే నాటకంలోంచి తీసేశాను. బాధ కలిగిందా అంటే కలిగింది. నాగలి, నేల, నీడ అన్నీ కలిసి చేయలేనిది ఒక ప్రశ్న చేసింది. ఆ ప్రశ్న నేను రాసినది కాదు.

తర్వాత రాసేవాళ్ళు సాధారణంగా చేసే పని నేనూ చేశాను. దొరికిన దాన్ని దాచుకోవాలని చూశాను. జగదేవ్‌పూర్‌లో వేసినప్పుడు ఒక నటుణ్ని ముసలివాడి వేషంలో జనం మధ్య కూర్చోబెట్టి, సమయానికి లేచి వచ్చి ఆకు ముందు కూర్చోమన్నాను. ఆయన బాగా చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "మస్తు యాక్టు జేసిండు" అన్నారు. ఎవరూ తమ తండ్రిని తలుచుకోలేదు. వాళ్ళు చూసింది మా తెలివిని. రెండోసారి అది చేయలేదు.

ఆఖరికి నాటకం ఆ ప్రశ్న దగ్గరే ఆగేట్టు మార్చాను. "ఏం గావాలె బాపూ?" అని పెద్ద కొడుకు అడుగుతాడు. మేం ఎదురుచూస్తాం. ఊళ్ళోవాళ్ళు చెబుతారు. ప్రతి ఊళ్ళోనూ చెప్పారు. తమ తండ్రుల గురించే చెబుతున్నామని వాళ్ళకు తెలియదు, తెలిసినా ఆగలేదు. కుకునూరుపల్లిలో మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ రోజు తెర ఎప్పుడు వేయాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ ఆ మౌనమే మిగిలిన ఊళ్ళ కేకల కంటే ఎక్కువ గుర్తుంది.

అమ్మాయీ, ఆ రోజు మెట్ల దగ్గర నువ్వు అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇంతే. చూడవచ్చినవాళ్ళ ఇంట్లో అప్పటికే ఉన్న ప్రశ్నను వెతుక్కో. దాన్ని సూటిగా అడిగించు. అడిగాక నువ్వు మాట్లాడకు. ఈ మూడింటిలో మూడోదే నాకు కష్టంగా ఉండేది. పుస్తకాలు ఎక్కువ చదివిన వాళ్ళకు అది ఇంకా కష్టం.

ముసలాయన తొంభైల్లో పోయాడు. కొన్నాళ్ళు మంచం పట్టాడు. మిత్రుడు సెలవు పెట్టి దగ్గరే ఉన్నాడు. పోయే ముందు ముసలాయన భార్యను పిలిచి, ఇద్దరు కొడుకుల్లో పిట్టకు ఎవరు పెట్టాలో చెప్పాడట. "చిన్నోనికియ్యకు. పెద్దోడే వెట్టాలె. వానికి అలవాటున్నది." ఈ మాట ఆమే నాకు చెప్పింది. చెబుతూ నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడో నాడు నేనూ టైలరూ పోయాం. ఏం వండాలని మిత్రుణ్ని ఎవరూ అడగలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు గట్క, సల్ల, పచ్చిపులుసు అన్నీ తెచ్చేశారు. నాటకం అందరూ చూసినదే. మిత్రుడు ఆకు పరిచి, వడ్డించి, ఉల్లిగడ్డ గుద్ది పెట్టి వెనక్కి వచ్చాడు. అందరం దూరం జరిగాం. కాకులు లేవు. చాలామంది టైలరు వైపు చూశారు. ఆయన చేతులు కట్టుకుని, నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

కులపెద్ద ఒకాయన దగ్గరికి వచ్చాడు. "ఏమన్న సెప్పు కొడుకా. ఏం మిగిలి ఉన్నదో అడుగు. అడిగితెనే గద వచ్చేది."

మిత్రుడు ఆకు మీంచి చూపు తిప్పలేదు. "అడిగిన గదనే" అన్నాడు. "మీరంత ఉండంగనే అడిగిన."

పెద్దాయనకు చిన్నకోడూరు ఆట గుర్తొచ్చింది. తల ఊపి వెనక్కి పోయి నిలబడ్డాడు.

కాకి రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అక్కడ ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు.